మిర్రర్‌లెస్‌కు మారే ముందు మీ లెన్సులు చూసుకోండి

డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) నుంచి మిర్రర్‌లెస్‌కు (ఆ అద్దం లేని కెమెరాకు) మారదలచినవారు కొత్త బాడీ (లెన్సు లేని కెమెరా) ధరకన్నా ముందు తమ సంచిలోని లెన్సులను పరిశీలించాలి. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌ల ఈఎఫ్ లెన్సులు, మధ్యలో తగిలించే అడాప్టరుతో, ఆ సంస్థ మిర్రర్‌లెస్ ఆర్ఎఫ్ బాడీలపై ఆటోఫోకస్‌తో సహా చక్కగా పనిచేస్తాయి. నికాన్‌లో మాత్రం, లోపల మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్సులను ఎఫ్‌టీజెడ్ (ఆ సంస్థ మిర్రర్‌లెస్ బాడీలకు పాత లెన్సులను కలిపే) అడాప్టరుకు తగిలిస్తే ఫోకస్ చేతితోనే చేసుకోవలసి వస్తుంది.

కోరింగ మడ అడవుల్లో ఊగే పడవ మీద నుంచి ఎగిరే కొంగలను తీసేవారికి, పక్షి కంటిని తానే గుర్తించి వెంబడించే కొత్త బాడీల ఫోకస్ నిజంగా వరం. నేను మారింది ఆ ఒక్క కారణానికే. కోనసీమలో తెల్లవార్లూ సాగే పెళ్ళిళ్ళు తీసేవారు బ్యాటరీ లెక్క కూడా వేసుకోవాలి: ప్రామాణిక పరీక్షలో ఒక్క ఛార్జికి నికాన్ డీఎస్ఎల్ఆర్ డి750 1,230 చిత్రాలు ఇస్తే, మిర్రర్‌లెస్ జెడ్6 ఇచ్చేది 310 మాత్రమే. వాడుకలో ఇంతకన్నా ఎక్కువే వస్తాయి గానీ, రెండు అదనపు బ్యాటరీల ఖర్చును ముందే కలుపుకోండి.