చిలకపచ్చ డకోటా

డకోటా విమానం బొమ్మ కిట్ (1/72 స్కేల్, అంటే అసలు దానిలో డెబ్బై రెండో వంతు) అతికించడం వారంలో అయిపోయింది. ఏడిపించింది రంగే. రెండో ప్రపంచయుద్ధం నాటి చాలా అమెరికన్ డకోటాలకు పైన ఆలివ్ డ్రాబ్ (సైన్యం వాడే మాసిన ఆకుపచ్చ), కింద బూడిద రంగు. కోఠీలో కొన్న అక్రిలిక్ డబ్బాల్లో ఆ ఆలివ్ లేదు. నీలం, పసుపు కలిపితే చాలనుకున్నా, చిలకపచ్చ వచ్చింది. "చిలక్కి రెక్కలు అతికిస్తున్నావేంట్రా?" అంది అమ్మ. నలుపు పోస్తే ముదురు సీసాపచ్చ రంగయింది, అంతే.

నీలాన్ని వదిలేశాకే దారి దొరికింది. పసుపులో నలుపు చుక్క చుక్కగా వేస్తుంటే అదే ఆలివ్ వైపు తిరుగుతుంది. మెడికల్ షాపు సిరంజితో లెక్కపెట్టా: పసుపు పది చుక్కలు, నలుపు మూడు, పచ్చదనం విరగడానికి ఎరుపు ఒక్కటి. అచ్చం ఉడికిన గోంగూర!

కానీ ప్లాస్టిక్ ముక్క మీద పూస్తే ఆరాక ముదిరిపోయింది. అక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు లేతగానే కనిపిస్తుంది, నమ్మకూడదు. పైగా అసలు విమానాన్ని మనం దూరం నుంచి చూస్తాం, మధ్యలో గాలి, దుమ్ము రంగును లేత చేస్తాయి. చేతిలో పట్టుకుని దగ్గరగా చూసే మోడల్‌కు అదే ముదురు వేస్తే నల్లగా కొడుతుంది. అందుకే తెలుపు రెండు చుక్కలు కలిపా.

ట్యూబ్‌లైటు కింద బాగుందనిపించిన ముక్క పొద్దున బాల్కనీలో వేరే రంగులా ఉంది. ఇంకో చుక్క ఎరుపు పడింది. రెక్కలకు, బాడీకి సరిపడా ఒకేసారి కలిపి, మిగిలింది పాత చుక్కలమందు సీసాలో పోసి, మీద లెక్క రాసిపెట్టా.