రియర్ వీల్ డ్రైవ్ కారుకు మంచుకాలంలో ఏ టైర్లు వేయించాలి

డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, ట్రాయ్ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగువారిలో చాలామంది డ్రైవింగ్ నేర్చుకున్నది మారుతి 800 మీదో ఆల్టో మీదో; ఇక్కడికి వచ్చాక మొదట కొన్నది క్యామ్రీనో అకార్డో. ఇవన్నీ ముందు చక్రాలు లాక్కుపోయే కార్లు. నాలుగైదేళ్లు గడిచి చేతిలో కాస్త డబ్బు నిలిచాక బీఎండబ్ల్యూ 3 సిరీసో, మస్టాంగో, వెనుక మోటారు ఒక్కటే ఉన్న టెస్లా మోడల్ 3నో గరాజ్‌లోకి వస్తుంది. ఇవి ఎక్కువగా వెనుక చక్రాలు నెట్టే కార్లు, అంటే రియర్ వీల్ డ్రైవ్. ఏప్రిల్‌లో కొన్న కారు నవంబరు దాకా బాగానే నడుస్తుంది. మొదటి మంచు పడిన రోజు ఉదయం వీధి మలుపులో దాని వెనుక భాగం ఒక పక్కకు జారినప్పుడు గానీ, ఇంజను శక్తి ఏ చక్రాలకు అందుతోందన్న విషయం చాలామందికి పట్టదు.

నాకూ అలాగే తెలిసింది. అన్ని కాలాలకూ పనికొస్తాయని అమ్మే ఆల్ సీజన్ టైర్లు ఉన్నాయి కాబట్టి ఇంకేమీ అక్కర్లేదని కారు అమ్మినవారు చెప్పిన మాట నమ్మి మొదటి చలికాలంలోకి అడుగుపెట్టాను. మా ఇళ్ల కాలనీ (సబ్‌డివిజన్) నుంచి పెద్ద రోడ్డెక్కే చోట ఒక చిన్న ఎత్తు ఉంది. ఎండాకాలంలో అది ఎత్తు అన్న సంగతే గమనించం. జనవరిలో ఒక ఉదయం అక్కడి స్టాప్ సైను దగ్గర ఆగి, మళ్లీ కదలబోయేసరికి వెనుక చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, డాష్‌బోర్డు మీద చక్రాలు జారుతున్నాయని చెప్పే పసుపు దీపం మినుకుమినుకుమంటూనే ఉంది, కారు మాత్రం అంగుళం కదలలేదు. వెనుక ఒక స్కూలు బస్సు. చివరికి రివర్సులో కిందికి దిగి, ఆ రోజుకు ఇంటి నుంచే పని చేశాను.

ఇలా జరగడానికి కారణం బరువు పంపకంలో ఉంది. ముందు చక్రాలతో నడిచే కారులో ఇంజను, గేర్‌బాక్సు రెండూ ఆ చక్రాల మీదే కూర్చుంటాయి కనుక, మొత్తం బరువులో దాదాపు 60 శాతం నడిపే చక్రాలను నేలకు అదిమి పెడుతుంది. 3 సిరీస్ వంటి కారులో ఆ బరువు ముందూ వెనకా ఇంచుమించు సగం సగంగా ఉంటుంది. ఖాళీ పికప్ ట్రక్కులో వెనుక భాగం మరీ తేలిక. పొడి రోడ్డు మీద యాక్సిలరేటర్ నొక్కితే బరువు వెనక్కి వాలి ఆ చక్రాలకు పట్టు పెంచుతుంది. కానీ మంచు మీద అంత గట్టిగా నొక్కే వీలే లేదు కాబట్టి ఆ లాభం మనకు దక్కదు. పైగా ముందు చక్రాలు పట్టు తప్పితే కారు మలుపు తిరగకుండా నేరుగా పోతుంది, వెనుక చక్రాలు తప్పితే తోక ముందుకు వచ్చి కారే గిర్రున తిరుగుతుంది. ఈ రెండోదాన్ని సరిదిద్దుకోవడం కొత్తవారికి కష్టం. ట్రాక్షన్ కంట్రోల్ చేసేది ఇంజను శక్తిని తగ్గించి, జారే చక్రానికి బ్రేకు వేయడమే. లేని పట్టును అది పుట్టించలేదు.

అయితే కదలడం అన్నింటికన్నా చిన్న సమస్య. కదలని కారుతో ప్రమాదమేమీ జరగదు, ఆగని కారుతో జరుగుతుంది. ఆగేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు నాలుగు చక్రాలకూ శక్తి అందే ఆల్ వీల్ డ్రైవ్ కారుకైనా, మన కారుకైనా రోడ్డును పట్టుకునేవి అరచేతి వెడల్పున నాలుగు రబ్బరు ముక్కలే. అందువల్ల రియర్ వీల్ డ్రైవ్ కదా అని కారునే మార్చేద్దామనుకునే మిత్రులకు, ముందు టైర్లు మార్చి ఒక చలికాలం నడిపి చూడమనే నేను చెబుతాను.

టైరు రబ్బరుకు 7 డిగ్రీల సెల్సియస్, అంటే 45 డిగ్రీల ఫారెన్‌హీట్, ఒక ముఖ్యమైన గీత. అంతకన్నా చల్లబడే కొద్దీ వేసవి టైరు రబ్బరు బిగుసుకుపోతుంది, ఆల్ సీజన్ టైరుది కూడా కొంత గట్టిపడుతుంది. వింటర్ టైరు రబ్బరు మాత్రం గడ్డకట్టే చలిలోనూ మెత్తగా ఉండేలా తయారవుతుంది. దీనికి పుస్తక జ్ఞానం అక్కర్లేదు. డిసెంబరు ఉదయం వేడి లేని గరాజ్‌లో రెండు రకాల టైర్లనూ పక్కపక్కన పెట్టి, ట్రెడ్ మీద, అంటే రోడ్డుకు తగిలే భాగం మీద, బొటనవేలి గోరుతో నొక్కి చూడండి: ఒకటి చెక్కలా ఎదురు తిరుగుతుంది, రెండోది రబ్బరులా లోపలికి దిగుతుంది. దగ్గరగా చూస్తే వింటర్ టైరు ట్రెడ్ దిమ్మలన్నింటి మీదా వంకర టింకరగా సన్నని కోతలు కనిపిస్తాయి. వీటిని సైప్‌లంటారు. దిమ్మను వేలితో పక్కకు నెడితే పుస్తకం అంచులు విచ్చుకున్నట్టు ఇవి విచ్చుకుంటాయి; మంచును కరిచి పట్టేది ఆ అంచులే, ఐసు మీద పలుచగా చేరిన నీటిని తప్పించేదీ అవే.

దుకాణంలో నిలబడినప్పుడు చూడవలసింది టైరు పక్క గోడ మీది గుర్తులు. ఎం ప్లస్ ఎస్ అని ఉంటే అది బురదకూ మంచుకూ పనికివస్తుందని అర్థమనిపిస్తుంది గానీ, అది ట్రెడ్‌లో గాళ్ల అమరికను బట్టి ఇచ్చేది మాత్రమే. ఏ మంచు పరీక్షా పాసవనక్కర లేదు. నమ్మదగినది మూడు శిఖరాల కొండ బొమ్మలో మంచు పువ్వు ఉన్న గుర్తు. ఉత్తర అమెరికాలో టైర్ల తయారీదారుల సంఘాలు 1999లో తెచ్చిన ఈ గుర్తు పొందాలంటే, అణిగిన మంచు మీద ప్రామాణిక టైరు పట్టును 100 అనుకుంటే ఈ టైరు పట్టు కనీసం 110 ఉండాలి. ఇక్కడొక కిటుకు ఉంది: ఆ పరీక్ష కారు కదిలేటప్పటి పట్టునే కొలుస్తుంది, ఆగడాన్నీ, మలుపునూ, ఐసునూ కొలవదు. అందుకే ఒకే గుర్తు ఉన్న రెండు టైర్లు ఐసు మీద వేరువేరుగా ప్రవర్తించవచ్చు.

ఈ లెక్కన బజారులో మూడు తెగలున్నాయి. కొండ గుర్తు లేని మామూలు ఆల్ సీజన్ మొదటిది. మిషిగన్ వంటి చోట దాన్ని మూడు కాలాల టైరు అనడమే న్యాయం. కొండ గుర్తు ఉండి ఏడాది పొడవునా వాడుకోదగ్గ ఆల్ వెదర్ టైర్లు రెండోది. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2 ఈ తెగకు చెందినది. ఆల్ సీజన్, ఆల్ వెదర్ అన్న పేర్లు ఒకేలా వినిపించి కొనేవారిని తికమక పెడతాయి కనుక పేరును కాక గుర్తునే చూడాలి. మూడోది అసలు సిసలు వింటర్ టైరు: బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్, మిషెలిన్ ఎక్స్ ఐస్ స్నో, నోకియన్ హక్కపెలిట్టా వంటివి. ప్రపంచంలో మొదటి వింటర్ టైరును 1934లో తయారు చేసింది ఫిన్లండ్‌కు చెందిన ఈ నోకియన్ వారే. ఇనుప మేకులు దిగ్గొట్టిన టైర్ల జోలికి మనలాంటి ఊరి వాసులు పోనక్కర లేదు. జర్మనీ, దక్షిణ ఒంటారియో వంటి చోట్ల వాటికి అనుమతి కూడా లేదు.

ఇక మీరుండే చోటును బట్టి నిర్ణయం. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్నవారికి ఏడాదిలో ఒకటి రెండు రోజులే ఐసు పడుతుంది; ఆ రోజు ఇంట్లో ఉండడం ఏ టైరు కన్నా మేలు, మంచి ఆల్ సీజన్ సరిపోతుంది. అయితే మస్టాంగ్ వంటి కార్లు కొన్ని వేసవి టైర్లతో వస్తాయి. వాటితో గడ్డకట్టే చలిలో డల్లాస్ రోడ్ల మీద కూడా తిరగకూడదు. న్యూజెర్సీ, ఉత్తర వర్జీనియా వంటి నడిమి ప్రాంతాల్లో, రోడ్లను త్వరగా శుభ్రం చేసే చోట, ఆల్ వెదర్ టైరు సహేతుకమైన మధ్యేమార్గం. మిషిగన్, మిన్నెసోటా, టొరంటో పరిసరాల్లో రియర్ వీల్ డ్రైవ్ కారుతో రోజూ ఆఫీసుకు వెళ్లేవారికి మాత్రం నేను మధ్యేమార్గం చెప్పను, నాలుగూ వింటర్ టైర్లే. అదే చోట, అదే కారు ఇంట్లో రెండోదై, మంచు పడ్డ రోజు బయటికి తీయనక్కర లేకపోతే ఆల్ వెదర్‌తో సరిపెట్టుకోవచ్చు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. జర్మనీలో మంచు, ఐసు ఉన్న రోడ్ల మీద నడపాలంటే 2024 అక్టోబరు నుంచి కొండ గుర్తు ఉన్న టైరే చెల్లుతుంది, ఎం ప్లస్ ఎస్ ఒక్కటే ఉంటే చాలదు. ఒంటారియోలో నిర్బంధం లేదు గానీ, వింటర్ టైర్లు వేయించుకున్నవారికి 2016 నుంచి బీమా కంపెనీలు ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలి, అడిగి తీసుకోండి. బే ఏరియా నుంచి లేక్ టాహోకు వెళ్లేవారు గుర్తుంచుకోవలసింది వేరే ఉంది: కొండ దారిలో ఆర్2 అనే టైరు గొలుసుల నియమం పెట్టినప్పుడు మంచు టైర్లున్న నాలుగు చక్రాల డ్రైవ్ బండ్లకే మినహాయింపు, మనం ఎంత మంచి టైరు వేసినా గొలుసులు కట్టాల్సిందే. అవి వెనుక చక్రాలకే కట్టాలి. తమ కారులో ఏ సైజు టైరు మీద, ఎంత మందం గొలుసు పడుతుందో యజమాని పుస్తకంలో ముందే చదివి పెట్టుకోవాలి.

రియర్ వీల్ డ్రైవ్ కార్లవారు ఎక్కువగా పొరబడేది సైజు దగ్గర. ఈ కార్లలో చాలావాటికి వెనుక టైర్లు ముందువాటి కన్నా వెడల్పుగా ఉంటాయి. ఉదాహరణకు 3 సిరీస్‌లో ముందు 225/45 ఆర్18, వెనుక 255/40 ఆర్18 ఉండే అమరిక ఉంది (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో శాతంగా టైరు గోడ ఎత్తు, చివరిది అంగుళాల్లో రిమ్ము). వెడల్పు టైరు మంచు మీద తేలుతుంది, సన్నని టైరు దాన్ని చీల్చుకుని అడుగుకు దిగుతుంది; కాబట్టి చలికాలానికి నాలుగు చక్రాలకూ 225 వెడల్పే వేయించడం మంచిది. అలా వేస్తే ముందు టైర్లను వెనక్కి, వెనుకవాటిని ముందుకు మార్చుకునే వీలు కూడా వస్తుంది. అదే కారుకు 17 అంగుళాల రిమ్ము పడితే 225/50 ఆర్17 ఇంకా చవక. టైరు గోడ ఎత్తు పెరుగుతుంది కనుక గుంతలో పడ్డా రిమ్ము వంగే భయం తగ్గుతుంది. చక్రం మొత్తం అడ్డుకొలత మాత్రం మారకూడదు: 225/45 ఆర్18కూ 225/50 ఆర్17కూ తేడా 3 మిల్లీమీటర్లే కాబట్టి స్పీడోమీటరు లెక్క తప్పదు. పెద్ద బ్రేకులున్న మోడళ్లకు చిన్న రిమ్ము పట్టకపోవచ్చు, అమర్చి చూశాకే డబ్బు కట్టండి. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే బరువు సూచిక అసలు టైరు కన్నా తక్కువ కాకూడదు. టైరు తట్టుకోగల వేగాన్ని చెప్పే అక్షరం మాత్రం వింటర్ టైర్లలో ఒక మెట్టు తగ్గినా, గంటకు 190 కిలోమీటర్లను సూచించే టి ఉన్నా, మన రోడ్లకు ఎక్కువే. చివరి మాటగా, టైరు గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరుసలో ఆఖరి నాలుగు అంకెలూ చూడండి: 3524 అంటే 2024లో 35వ వారంలో తయారైనదని.

నడిపే చక్రాలు వెనుకవే కదా, ఆ రెండింటికే వింటర్ టైర్లు వేస్తే సగం ఖర్చు మిగులుతుందని నన్ను అడగని మిత్రుడు లేడు. కారు చక్కగా కదులుతుంది, నిజమే. కానీ స్టీరింగు తిప్పేదీ, ఆగేటప్పుడు భారంలో ఎక్కువ భాగం మోసేదీ ముందు చక్రాలు. అవి గట్టిపడిన రబ్బరు మీద ఉంటే, ధైర్యంగా వేగం అందుకున్న కారు మలుపు దగ్గర నేరుగా పోయి కాలిబాట గట్టును గుద్దుతుంది. డిక్కీలో ఇసుక బస్తా వేసుకునే అలవాటు పికప్‌కు కొంత పనికొస్తుంది. సగం సగం బరువున్న సెడాన్‌కు అది దండగ, పైగా బ్రేకు దూరాన్ని పెంచుతుంది.

ఖర్చు గురించి భయపడేవారు ఒకటి గమనించాలి: వింటర్ సెట్టు నడిచిన నాలుగైదు నెలలూ మీ వేసవి సెట్టు అరగదు, కాబట్టి రెండు సెట్లకూ ఆయుష్షు పెరుగుతుంది. వేరే రిమ్ములు కూడా కొనుక్కుంటే ఏటా రెండుసార్లు రబ్బరు విప్పి ఎక్కించే కూలీ మిగులుతుంది, రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల మంచి రిమ్ములు పాడవవు. అమెరికాలో 2008 మోడల్ నుంచి అన్ని కార్లలోనూ టైరులో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు ఉంటుంది. అది చక్రాల్లోని సెన్సర్లతో పనిచేసే కారైతే, కొత్త రిమ్ములకు అవి వేయించకపోతే చలికాలమంతా హెచ్చరిక దీపం వెలుగుతూనే ఉంటుంది.

బిగించే సమయం నవంబరు మొదటి వారాలు, మొదటి మంచు వార్త విన్నాక కాదు. ఆ రోజు టైరు దుకాణంలో క్యూ చూస్తే మీకే అర్థమవుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే టైరులో గాలి పీడనం సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. సెప్టెంబరులో 70 డిగ్రీల్లో 35 పెట్టించిన టైరు జనవరిలో 10 డిగ్రీల ఉదయాన 29 చూపిస్తుంది, కనుక నెలకోసారి చల్లగా ఉన్నప్పుడే కొలవండి. వెనుక మోటారు ఒక్కటే ఉన్న ఎలక్ట్రిక్ కారులో పెడల్ మీద నుంచి కాలు గభాలున తీస్తే రీజెన్ బ్రేకు (మోటారే కారును నెమ్మదింపజేసి బ్యాటరీని నింపే ఏర్పాటు) వెనుక చక్రాల మీదే పడుతుంది, ఐసు మీద అదే తోక తిరగడానికి చాలు. పాదాన్ని నెమ్మదిగా తీయడం అలవాటు చేసుకోవాలి. టైరు అరుగుదల చూడడానికి క్వార్టర్ నాణేన్ని తలకిందులుగా గాడిలో పెట్టండి: నాణెం మీది వాషింగ్టన్ బొమ్మ జుట్టుకు రబ్బరు తగులుతుంటే 4/32 అంగుళాలు, అంటే 3 మిల్లీమీటర్ల చిల్లర మిగిలినట్టు. ఆ స్థితికి వచ్చిన వింటర్ టైరును ఇంకో చలికాలానికి నమ్ముకోకండి.

ఏప్రిల్‌లో విప్పేటప్పుడు ఒక్కో టైరు లోపలి వైపు సుద్దముక్కతో ముందు ఎడమ, వెనుక కుడి అని రాసిపెట్టి, కడిగి ఆరబెట్టి, ఎండ తగలని చోట సంచుల్లో ఉంచండి. రిమ్ముతో ఉన్నవి ఒకదానిపై ఒకటి పేర్చవచ్చు, రిమ్ము లేనివి నిలబెట్టాలి. మళ్లీ బిగించాక 50 మైళ్లు తిరిగి, నట్లను, బిగువును కొలిచే టార్క్ రెంచితో మరోసారి సరిచూసుకోండి.