షూ పక్కల కరుస్తోందా, మడమ జారుతోందా? వెడల్పు పాదాలవాళ్ళ రన్నింగ్ షూ సమస్యలు - పరిష్కారాలు

షూ పక్కల నొక్కుతోందని చెబితే హైదరాబాద్‌లో ఏ షాపులోనైనా వినిపించే మాట ఒకటే: "ఒక సైజు పెద్దది వేసి చూడండి సార్." ఈ సలహా వినకండి. సైజు నంబరు చెప్పేది పొడవు గురించి. యూకే సైజులో ఒక నంబరు పెరిగితే షూ సుమారు 8.5 మిల్లీమీటర్లు పొడవవుతుంది, వెడల్పు మాత్రం నామమాత్రంగా పెరుగుతుంది. పక్కల బిగుతు అలాగే ఉండి, మడమ దగ్గర కొత్తగా వదులు వస్తుంది. కింద చెప్పిన సమస్యల్లో చాలావాటికి మొదలు అక్కడే.

ఏది కొనాలన్నా ముందు ఇంట్లో పాదం కొలుచుకోండి. సాయంత్రం పూట, కాసేపు నడిచొచ్చాక, పరుగుకి వేసుకునే సాక్సుతోనే మడమ గోడకి ఆనించి కాగితం మీద నిలబడండి. కూర్చుని కొలిస్తే పాదం పరుచుకోదు, కొలత తక్కువొస్తుంది. పొడవు ఒక కొలత. బొటనవేలి మొదలు నుంచి చిటికెనవేలి మొదలు దాకా వెడల్పు ఇంకో కొలత. రెండు పాదాలూ కొలవండి, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. ఆ తర్వాత పాత షూలోంచి ఇన్సోల్ (లోపల పాదం కింద ఉండే మెత్తటి పొర) బయటికి తీసి దాని మీద నిలబడండి. పాదం దాని అంచులు దాటి బయటికి వస్తోందంటే షూ ఇరుకని తేలిపోయినట్టే. షాపులో కొత్త షూకి కూడా ఇదే చేయండి. ఇన్సోల్ తీసి చూపించమంటే ఎవరూ కాదనరు.

సమస్య: చిటికెనవేలి పక్కన బొబ్బలు, ఆనెకాయ, ముందుపాదంలో తిమ్మిరి. పైగుడ్డ సోల్ అంచు దాటి పక్కకి ఉబ్బడం.

కారణం: వెడల్పు చాలడం లేదు. వేళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుంటే మధ్యలోని నరం నలుగుతుంది, తిమ్మిరి దానివల్లే.

పరిష్కారం: అదే పొడవులో ఎక్కువ వెడల్పు ఉన్న షూ. మగవాళ్ళ షూల్లో డి మామూలు వెడల్పు, 2ఈ వెడల్పు, 4ఈ మరీ వెడల్పు. ఆడవాళ్ళ షూల్లో బి మామూలు, డి వెడల్పు, 2ఈ మరీ వెడల్పు. ఈ అక్షరం పెట్టె మీద సైజు పక్కన ఉంటుంది. న్యూ బ్యాలెన్స్, ఆసిక్స్, బ్రూక్స్ కంపెనీలు చాలా మోడళ్ళని ఇలా రెండు మూడు వెడల్పుల్లో చేస్తాయి. అయితే మాల్‌లో అరల మీద కనిపించేది ఎక్కువగా మామూలు వెడల్పే. అక్కడ పొడవు చూసుకుని, వాపసు సౌకర్యం ఉన్నచోట వెడల్పు రకం ఆర్డర్ పెట్టుకోవడం మేలు.

ఆడవాళ్ళకి వెడల్పు రకాలు దొరకడం ఇంకా కష్టం. వాళ్ళకి ఒక మంచి దారి ఉంది. మగవాళ్ళ మామూలు డి అంటే ఆడవాళ్ళ కొలతల్లో వెడల్పు రకమే. అందుకని అదే మోడల్ మగవాళ్ళ షూ వేసి చూడండి. కాకపోతే సైజు నంబరు కాకుండా పెట్టె మీది సెంటీమీటర్లు సరిపోల్చుకోండి, మడమ వదులవుతోందేమో చూసుకోండి.

ఆల్ట్రా లాంటి కంపెనీల షూల్లో వేళ్ళ దగ్గర చోటు ఎక్కువ. కానీ వాటిలో చాలా మోడళ్ళలో మడమ, ముందుపాదం ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి పిక్క మీద, మడమ వెనకున్న స్నాయువు మీద భారం పెరుగుతుంది. ఇష్టపడితే కొనండి, మొదట్లో చిన్న దూరాలకే వాడండి.

ఉన్న షూతోనే కొన్నాళ్ళు నెట్టుకురావాలా? వేళ్ళకి దగ్గరగా ఉన్న మొదటి జత రంధ్రాల్లోంచి లేసు తీసేయండి. పాదం పైభాగం నొప్పిగా ఉంటే సరిగ్గా అక్కడ లేసుని అడ్డంగా దాటించకుండా అదే వైపు నిటారుగా పై రంధ్రానికి ఎక్కించండి. కొంత ఊపిరాడుతుంది. అంతకుమించి ఆశించకండి.

సమస్య: గోరు నల్లబడింది, మడమ దగ్గర రాపిడి.

ఇక్కడ కారణాలు రెండు, ఒకదానికొకటి వ్యతిరేకం. మడమ కదలకుండా ఉండి వేళ్ళు తగులుతున్నాయంటే షూ పొట్టి. మడమ కూడా జారుతోందంటే షూ పొడవు లేదా వదులు, పాదం మొత్తం ముందుకి జారి గోరు కొట్టుకుంటోంది. ఇది దిగుడులో బయటపడుతుంది. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి తయారయ్యేవాళ్ళు ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి కాబట్టి, చదునుగా ఉన్న నెక్లెస్ రోడ్డు మీద హాయిగా ఉన్న షూని వాలులో కూడా దిగి చూడటం అవసరం.

పరిష్కారం: నిలబడినప్పుడు పొడవైన వేలికీ షూ కొనకీ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కొంతమందికి రెండో వేలే పొడవు, అదీ చూసుకోండి. ముందుపాదం వెడల్పు, మడమ సన్నం అయినవాళ్ళు పై చివర ఉన్న అదనపు రంధ్రాన్ని వాడండి. లేసుని అదే వైపు ఆ రంధ్రంలోకి దూర్చి రెండు పక్కలా చిన్న ఉచ్చులు చేయండి. కుడి లేసుని ఎడమ ఉచ్చులోంచి, ఎడమ లేసుని కుడి ఉచ్చులోంచి తీసి బిగించి ముడి వేయండి. ముందుభాగం వదులుగా ఉంచుకుంటూనే మడమని పట్టి ఉంచవచ్చు.

సమస్య: చీలమండ లోపలికి వాలుతోంది, ముంగాలి లోపలి వైపు నొప్పి, పాదం వంపులో నొప్పి.

చాలామంది ఇక్కడ తొందరపడి స్టెబిలిటీ షూ (పాదం లోపలికి ఒరగకుండా ఆపేలా చేసిన షూ) కొనేస్తారు. ఆగండి. పాత షూని బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. మడమ కప్పు లోపలికి ఒరిగిందా, లోపలి వైపు ఫోమ్ అణిగి ముడతలు పడిందా చూడండి. మడమ బయటి అంచు అరిగితే కంగారు వద్దు, ఎక్కువమందికి అలాగే అరుగుతుంది.

మొదటి అనుమానం మళ్ళీ వెడల్పు మీదే పెట్టండి. పాదం సోల్ కన్నా వెడల్పయితే దాని అంచు గాలిలో ఉంటుంది. ఇరుకు గట్టు మీద నడిచినట్టు ప్రతి అడుగూ తూలుతుంది. ఇరుకు స్టెబిలిటీ షూ కంటే సరైన వెడల్పున్న మామూలు షూ స్థిరంగా ఉంటుందని నా గట్టి అభిప్రాయం.

రెండో అనుమానం రోడ్డు మీద. నీళ్ళు పోవడానికి రోడ్డు అంచులు వాలుగా వేస్తారు. రోజూ ఒకే పక్కన పరిగెడితే ఒక కాలు ఎప్పుడూ లోపలికి ఒరుగుతుంది. నొప్పి ఒక కాలికే ఉంటే కొన్నాళ్ళు చదును దారిలో పరిగెత్తి చూడండి. స్టేడియం ట్రాక్ అయితే దిశ మారుస్తూ ఉండండి.

ఇవి రెండూ సరిచేసినా వాలు తగ్గకపోతే అప్పుడు స్టెబిలిటీ షూ. ఆసిక్స్ జెల్ కయానో, జీటీ 2000, బ్రూక్స్ అడ్రినలిన్ జీటీఎస్, న్యూ బ్యాలెన్స్ 860 ఈ కోవవి, వీటిలో వెడల్పు రకాలూ ఉన్నాయి. పాతకాలం స్టెబిలిటీ షూల్లో లోపలి వైపు గట్టి ఫోమ్ దిమ్మ ఉండేది. చదును పాదాలవాళ్ళకి అది వంపు కింద గుచ్చుకునేది. 2023లో వచ్చిన కయానో 30లో ఆ గట్టి దిమ్మ తీసేసి, వెడల్పైన అడుగు, వేరే రకం ఫోమ్‌తో పని జరిపించారు. పాత మోడల్ గుచ్చుకుందని ఈ రకాన్నే వదిలేసినవాళ్ళు మళ్ళీ వేసి చూడవచ్చు.

చదును పాదం ఉన్నంత మాత్రాన స్టెబిలిటీ షూ తప్పనిసరి కాదు. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్ళకి పాదం వంపు చూసి షూ రకం కేటాయించినా గాయాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదని అధ్యయనాల్లో తేలింది. షాపులో ట్రెడ్‌మిల్ మీద తీసే వీడియోని ఒక సూచనగా తీసుకోండి. రెండు కాళ్ళకీ రెండు రకాలు వేసుకుని, ఒంటికాలి మీద నిలబడి, షాపు వరండాలో నాలుగడుగులు పరిగెత్తి, హాయిగా ఉన్నదాన్ని ఎంచుకోండి.

సమస్య: మొదట బాగుంటుంది, కొన్ని కిలోమీటర్లకి బిగుస్తుంది.

ఎండకీ శ్రమకీ పాదం ఉబ్బుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మరీను. సాయంత్రం కొలిచి కొనమన్నది ఇందుకే. మధ్యలో ఆగి లేసు కాస్త వదులు చేయండి.

సమస్య: కొత్త ఇన్సోల్ వేశాక షూ ఇరుకైంది.

పాతదాని మీదే వేసుంటారు. పాతది తీసేసి వేయండి.

సమస్య: ఇన్నాళ్ళూ బాగున్న షూ ఇప్పుడు తూలుతోంది.

ఫోమ్ అయిపోయింది. చాలా షూలు 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా వస్తాయి, బరువున్నవాళ్ళకి ముందే అణిగిపోతాయి. వానలో తడిస్తే ఇన్సోల్ తీసి, లోపల న్యూస్‌పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే అతుకులు ఊడతాయి.

పొద్దున్నే మంచం దిగగానే మడమలో పోటు వారాల తరబడి ఉన్నా, ఎముక మీద వేలు పెట్టిన ఒకేచోట నొప్పి ఉన్నా షూలు మార్చుకుంటూ కూర్చోకుండా ఎముకల డాక్టర్ని కలవండి. షుగర్ ఉన్నవాళ్ళు తిమ్మిరిని షూ మీదకి నెట్టేయకూడదు, నరాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. కొత్త షూ వేసిన మొదటి వారమంతా ఇంటికి రాగానే సాక్సు విప్పి అరికాలు, వేళ్ళ సందులు చూసుకోవాలి, ఎందుకంటే వాళ్ళకి బొబ్బ పుట్టినా నొప్పి తెలియకపోవచ్చు.