జన్యువుల లిస్టు నుంచి బయోమార్కర్ దాకా: అల్జీమర్స్ డేటాతో ఎలా పని చేయాలి?

ప్రాజెక్టుల సీజన్ మొదలైందంటే వైజాగ్ మద్దిలపాలెం వైపు నుంచి ఇద్దరు ముగ్గురు ఎమ్మెస్సీ పిల్లలు నా దగ్గరికి వస్తారు. "అన్నా, అల్జీమర్స్ మీద ఏదైనా చేయాలి. ల్యాబ్ లేదు, డబ్బుల్లేవు, ల్యాప్‌టాప్ ఉంది" అంటారు. ల్యాప్‌టాప్ చాలు. కాకపోతే మూడో రోజుకల్లా ఐదొందల జన్యువుల లిస్టు పట్టుకొచ్చి "దొరికేశాయన్నా" అంటారు చూడండి, పేచీ అక్కడే. లిస్టు రావడం ఒక పూట పని. అందులో జబ్బు వల్ల మారినవేవో, వయసు వల్లో మందుల వల్లో మెషీన్ వల్లో మారినవేవో విడదీయడానికే నెలలు పడుతుంది.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. ఏ జన్యువు ఎంత పని చేస్తోందో తెలియాలంటే దాన్నుంచి తయారైన ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలుస్తాం, దాన్నే జీన్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు మనకు సుమారు 20,000 ఉన్నాయి. జబ్బున్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ ఇవన్నీ పోల్చి చూసి, జబ్బును పట్టిచ్చే కొలత, అంటే బయోమార్కర్, ఏదైనా ఉందా అని వెతుకుతాం. బతికున్న మనిషి మెదడు ముక్క తీసి చూడలేం కదా, అందుకే అందరి చూపూ రక్తం మీదే.

ముందు ప్రశ్న తేల్చుకోండి

"అల్జీమర్స్ ఉన్నవాళ్లకీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ తేడా ఏంటి" అన్నది అందరూ ఎంచుకునే ప్రశ్న, పెద్దగా ఉపయోగం లేనిది కూడా. జబ్బు ముదిరిన మనిషిని చూస్తే ఇంట్లోవాళ్లకే తెలిసిపోతుంది. పెదవాల్తేరు నుంచి ఒకాయన వాళ్లమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకొచ్చాడనుకోండి, ఆవిడ పాలు స్టవ్ మీద పెట్టి మర్చిపోతోంది, చెప్పిందే మళ్లీ చెబుతోంది. ఇది వయసు మరపా, జబ్బు మొదలా, అల్జీమర్సా ఇంకో రకమా, రెండేళ్లలో ఎలా ఉంటుంది అన్నదే ఆయనకి కావాలి. వీటిలో మీరు దేని వెంట పడుతున్నారో ఒక్క వాక్యంలో రాసి గోడకి అంటించుకోండి. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ అంచనా చెబుతోంది. కాబట్టి ఈ ప్రశ్న చాలా ఇళ్లలో ఉన్నదే.

పోటీ ఎవరితోనో కూడా తెలుసుకోండి. అల్జీమర్స్‌తో ముడిపడ్డ పీ-టావ్217, అమైలాయిడ్ అనే ప్రొటీన్ల నిష్పత్తిని రక్తంలో కొలిచే పరీక్షకి 2025 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అది ప్రొటీన్ల పరీక్ష, జన్యువులది కాదు. మీ జన్యువుల జాబితా దాన్ని ఓడించాలి, లేదా అది చెప్పలేనిదేదైనా చెప్పాలి.

డేటా ఎక్కడ దొరుకుతుంది

అమెరికా ప్రభుత్వ జీవశాస్త్ర సమాచార కేంద్రం ఎన్‌సీబీఐ వాళ్లది జియో (GEO) అనే జన్యు డేటా భాండాగారం ఉంది, ఉచితం. రక్తం కావాలంటే జీఎస్‌ఈ63060, జీఎస్‌ఈ63061 అని వెతకండి, ఈ రెండూ ఆడ్‌న్యూరోమెడ్ అనే యూరప్ అధ్యయనం నుంచి వచ్చినవి. మొదటిదాంట్లో 329 శాంపిళ్లు: 145 అల్జీమర్స్, 80 స్వల్ప మతిమరుపు దశ, 104 ఆరోగ్యవంతులు. మెదడు కావాలంటే జీఎస్‌ఈ5281 చూడండి. పార్కిన్సన్స్ అయితే 2010లో మొదలైన పీపీఎంఐ అధ్యయనం ఉంది, దానికి దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోవాలి.

ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, దాని మీద బయోకండక్టర్ అనే టూల్స్ కట్ట, అందులో జియోక్వెరీ వేసుకుంటే డేటా నేరుగా దిగిపోతుంది. దిగగానే జన్యువుల జోలికి పోకుండా ముందు మనుషుల పట్టిక తెరవండి, ఎవరికి ఎంత వయసు, ఆడా మగా, ఏ బ్యాచ్‌లో, అంటే ఏ విడతలో కొలిచారు అని. జబ్బున్నవాళ్ల సగటు వయసు 77, లేనివాళ్లది 68 అని కనబడిందనుకోండి, మీకు దొరకబోయే "మార్కర్లలో" సగం ముసలితనానివే.

దొంగ శాంపిళ్లు పట్టుకోవడం

ఇది నాకు బాగా ఇష్టమైన పని, పావుగంట కూడా పట్టదు. ఎక్సిస్ట్ అనే జన్యువు ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది, ఆర్‌పీఎస్4వై1 వై క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మగవాళ్లలోనే. ఈ రెండింటినీ ఒక గ్రాఫ్ మీద పెడితే ఆడా మగా రెండు గుంపులుగా విడిపోతారు. పట్టికలో "మగ" అని ఉన్న శాంపిల్ ఆడవాళ్ల గుంపులో కూర్చుందంటే ఎక్కడో ట్యూబులు తారుమారయ్యాయి, తీసేయండి. తర్వాత పీసీఏ గ్రాఫ్ (వేల జన్యువుల తేడాల్ని రెండు గీతల మీదకి కుదించి, ఒకేలాంటి శాంపిళ్లని దగ్గరగా చూపించేది) గీసి బ్యాచ్‌ని బట్టి రంగులు వేయండి. రంగులు విడివిడిగా ముద్దలు కట్టాయంటే మీరు చూస్తున్నది మెషీన్‌నే. కాంబాట్ లాంటి బ్యాచ్ సవరణ టూల్స్ కొంత సర్దుతాయి గానీ, రోగులందర్నీ ఒక బ్యాచ్‌లోనూ మిగతావాళ్లని ఇంకో బ్యాచ్‌లోనూ కొలిచి ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు, ఆ డేటా వదిలేయండి.

పనిలో పని, జన్యువుల పేర్లున్న ఫైలు ఎక్సెల్‌లో తెరవకండి. సెప్ట్2, మార్చ్1 లాంటి పేర్లని అది తేదీలుగా మార్చేసేది. ఆ గోల భరించలేక 2020లో జన్యువులకే సెప్టిన్2, మార్చ్ఎఫ్1 అని కొత్త పేర్లు పెట్టారు. పాత డేటాలో ఆ తేదీలు ఇంకా దొరుకుతుంటాయి.

తేడా కొలవడం

మైక్రోఅరే (జన్యువుల చిప్) డేటా అయితే లిమ్మా అనే టూల్, ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ లెక్కలయితే డీఈసెక్2 గానీ ఎడ్జ్‌ఆర్ గానీ. మోడల్లో, అంటే లెక్క కట్టే సమీకరణంలో, జబ్బుతో పాటు వయసు, ఆడ-మగ, బ్యాచ్ కూడా పెట్టండి. పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఊరికే ఇంత తేడా కనబడే అవకాశం) 0.05 కన్నా తక్కువ ఉంటే చాలనుకుంటే మాత్రం ఏ తేడా లేకపోయినా 20,000లో వెయ్యి జన్యువులు ఊరికే గెలిచేస్తాయి, అందుకని 1995లో బెంజమినీ, హాక్‌బర్గ్ ఇలా ఒకేసారి చాలా పరీక్షలు చేసేవాళ్ల కోసం చెప్పిన సవరణ చేశాకే లిస్టు చూడండి.

చేపల బుట్ట లెక్క

ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున్నే కలగలుపు బుట్టలు చూసే ఉంటారు, వంజరం, రొయ్యలు, కానాగంతలు అన్నీ కలిసి. నిన్నటి బుట్టలో కన్నా ఇవాళ్టి బుట్టలో రొయ్యల వాసన తక్కువుంది. రొయ్యలు మారాయా, రొయ్యల సంఖ్య తగ్గిందా? వాసన బట్టి చెప్పలేరు. రక్తం సరిగ్గా అలాంటి బుట్టే. న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు (రెండూ తెల్లకణాలే), ప్లేట్‌లెట్లు, ఇంకా పూర్తిగా తయారవని ముడి ఎర్రకణాలు, ఒక్కోదానికి ఒక్కో రకం ఆర్‌ఎన్‌ఏ. రోగికి కాస్త ఇన్ఫెక్షన్ ఉన్నా, స్టెరాయిడ్ వాడినా న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, వాటితో పాటు వందల జన్యువులు "పెరిగినట్టు" కనబడతాయి. ఒక్క జన్యువు కూడా తన పని తీరు మార్చుకోలేదు, బుట్టలో వాటాలు మారాయంతే.

పార్కిన్సన్స్‌తో ముడిపడ్డ ఆల్ఫా-సిన్యూక్లిన్ జన్యువునే తీసుకోండి. రక్తంలో దాని ఆర్‌ఎన్‌ఏ చాలావరకు ముడి ఎర్రకణాలదే. రక్తహీనతకి మందు వేసుకుంటున్న పెద్దావిడలో అది పెరిగితే మీ మోడల్ ఆమెకి పార్కిన్సన్స్ అంటగట్టొచ్చు. మెదడు ముక్కల్లోనూ ఇదే తంటా: జబ్బులో న్యూరాన్లు చచ్చిపోతాయి కాబట్టి న్యూరాన్ల జన్యువులన్నీ "తగ్గాయి" అంటుంది లెక్క. జీఎస్‌ఈ5281 వాళ్లు లేజర్‌తో న్యూరాన్లని మాత్రమే ఏరి కొలిచింది ఇందుకే.

చేయాల్సిందేంటంటే, రోగుల బ్లడ్ కౌంట్ ఉంటే మోడల్లో పెట్టండి, లేకపోతే సిబర్‌సార్ట్ లాంటి టూల్‌తో కణాల వాటా అంచనా వేసి అది పెట్టండి. ఈ స్టెప్ అయ్యాక పోయినసారి ఒక అమ్మాయి లిస్టు 500 నుంచి 40కి పడిపోయింది. "ఇదేటన్నా, అన్నీ పోయాయి" అని ఏడుపు మొహం పెట్టింది. పోయినవి పోవాల్సినవేనమ్మా అన్నాను.

మోడల్ కట్టేటప్పుడు చేసే తప్పు

మొత్తం డేటా మీద మంచి జన్యువులు ఏరేసి, ఆ తర్వాత ట్రెయినింగ్, టెస్ట్ అని విడగొడతారు. ప్రశ్నపత్రం ముందే చూసి పరీక్ష రాసినట్టు. ముందు విడగొట్టండి, ఏరడం ట్రెయినింగ్ సగంలోనే జరగాలి. అసలు పరీక్ష మాత్రం వేరే డేటాసెట్ మీద, 63060లో నేర్చుకుని 63061లో చూడండి. ఏయూసీ (రోగుల్నీ మిగతావాళ్లనీ మోడల్ ఎంత బాగా విడదీసిందో చెప్పే మార్కు, 1 అయితే పూర్తిగా సరి) 0.95 నుంచి 0.7కి జారితే కంగారు పడకండి, ఆ 0.7నే నిజమనుకోండి. పక్కనే వయసు, ఆడ-మగ మాత్రమే ఉన్న మోడల్ కూడా కట్టి చూడండి, మీ జన్యువులు దాని కన్నా ఏమీ ఎక్కువ చెప్పకపోతే అదే రిపోర్టులో రాయండి. ఇంకోటి, ఈ రెండూ యూరప్ వాళ్ల శాంపిళ్లు, మన దగ్గర రక్తం తీసి చూడకుండా మనవాళ్లకీ పనికొస్తుందని రాయకండి.

ఇక్కడే శాంపిళ్లు తీయాలనుకుంటే

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా సూది కూడా ముట్టుకోవద్దు. మతిమరుపు ఉన్న మనిషి తనంతట తాను సమ్మతి ఇవ్వగలరా అన్న ప్రశ్న కమిటీ తప్పకుండా అడుగుతుంది, కుటుంబసభ్యుల సమ్మతి పత్రం సిద్ధంగా పెట్టుకోండి. అందరికీ ఒకే టైమ్‌లో రక్తం తీయండి, పొద్దున ఎక్స్‌ప్రెషన్ వేరు, సాయంత్రం వేరు. ఆర్‌ఎన్‌ఏ చెడకుండా ఉంచే పాక్స్‌జీన్ ట్యూబులో 2.5 మిల్లీలీటర్లు తీసి, ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి. అందులో ఆర్‌ఎన్‌ఏ మూడు రోజులు నిలుస్తుందంటారు, కాకపోతే ఆ లెక్క 18 నుంచి 25 డిగ్రీల గదికి. మన వైజాగ్ మే నెలలో ఏసీ లేని గది అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు, ఫ్రిజ్‌లో పెట్టండి. తర్వాత దశలో హోల్ బ్లడ్ (కణాలు విడదీయని రక్తం) ఆర్‌ఎన్‌ఏలో హీమోగ్లోబిన్‌కి చెందిన గ్లోబిన్ ఆర్‌ఎన్‌ఏ వాటా చాలా ఎక్కువుంటుంది కాబట్టి సీక్వెన్సింగ్ చేసేవాళ్లకి గ్లోబిన్ తీసేయమని ముందే చెప్పండి. మీ లిస్టులో చివరికి మిగిలిన నాలుగైదు జన్యువుల్ని క్యూపీసీఆర్‌తో (ఒక్కో జన్యువు ఆర్‌ఎన్‌ఏని విడిగా కొలిచే పద్ధతి) కొత్త మనుషుల మీద మళ్లీ కొలవండి.

చివరగా కరెంటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. శాంపిళ్లు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఉన్న గదికి జనరేటర్ లైను ఉందో లేదో ఇవాళే చూసుకోండి. శాంపిళ్లని రెండు చోట్ల సగం సగం దాచండి, అలారం మోగితే రాత్రి రెండింటికి లేచి వచ్చేదెవరో పేరు, ఫోన్ నంబరు ఫ్రీజర్ తలుపు మీద అంటించండి.