మెలకువగా ఉంచి చేసే ఆపరేషన్‌కి అమ్మని సిద్ధం చేయడం

మా అమ్మకి 76. గర్భసంచి జారిందని పన్నెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. వేలితో పైకి నెట్టుకుని, పాత చీర గుడ్డ గోచీలా బిగించుకునేది. ఆ గుడ్డ మీద రక్తపు చార కనబడ్డాకే నాకు తెలిసింది. పెద్దవాళ్లని "ఏమైనా ఇబ్బందా?" అంటే లేదనే అంటారు. "కింద ఏదో జారినట్టుందా? మూత్రం పూర్తిగా వస్తోందా?" అని సూటిగా అడగండి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. టైలరింగ్ చేస్తాను. బరంపురం ఆసుపత్రికి తీసుకెళ్తే, జారిన గర్భసంచిని పైకి ఆపే రింగు ముందు యోనిలో పెట్టి చూద్దామన్నారు. కొందరికి అది చాలు, కానీ దాన్ని తీసి కడిగి, పుండు పడిందేమో చూడటానికి కొన్ని నెలలకోసారి వెళ్లాలి. "దానికోసం ప్రతిసారీ బరంపురమా?" అంది అమ్మ. గుండెలో స్టెంట్, పైగా షుగర్. అందుకని పూర్తి మత్తు కాకుండా, లోకల్ ఇంజెక్షన్‌తో యోనిని మూసే ఆపరేషన్ చేయొచ్చన్నారు. ముందు గోడ, వెనుక గోడ మీది పొర కొంత తీసి, రెండింటినీ కలిపి కుట్టేస్తారు. స్రావం బయటికి రావడానికి రెండు పక్కలా సన్నటి దారులు వదులుతారు. కుట్టుపనిదాన్ని కాబట్టి నాకు చప్పున అర్థమైంది.

ఒక్క మాట. ఇది చేశాక భార్యాభర్తల కలయిక ఉండదు. ఆ సంగతి కొడుకులూ కోడళ్ల ముందు కాకుండా ఆవిడని విడిగా అడగమనండి. భర్త ఉంటే ఆయన్నీ కూర్చోబెట్టాలి. మూశాక లోపల పరీక్ష చేయడం కష్టం కాబట్టి పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ కోసం చేసే పరీక్ష), గర్భసంచి స్కాన్ ముందే అవ్వాలి. నెలసరి ఆగాక రక్తం కనబడి ఉంటే దాచకుండా చెప్పండి.

మాత్రల చీటీ మొత్తం చూపించండి. రక్తం పలచబరిచే మాత్ర, షుగర్ మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. లోకలే కదా అని పొద్దున్న టీ పట్టించేస్తారు కొందరు. కాస్త మగతకి ఇంజెక్షన్ ఇవ్వొచ్చు కాబట్టి ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉండాలో అడిగి తెలుసుకోండి.

అసలు కష్టం భాషతో వచ్చింది. సంతకం కాగితం ఒడియాలో ఉంది. అమ్మకి తెలుగు తప్ప అక్షరం రాదు. "తెలుగులో చెప్పాకే వేలిముద్ర" అని నేను పట్టుబట్టాను. నర్సు విసుక్కుంది, ఫర్వాలేదు. మెలకువగా ఉన్న మనిషికి ఏం జరుగుతోందో తెలియకపోతే సూది కంటే టెన్షనే ఎక్కువ. సూది గుచ్చినప్పుడు మంట, తర్వాత లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు ఉంటుంది. నొప్పి మాత్రం ఉండకూడదు. ఉంటే మందు ఇంకొంచెం వేస్తారు, ఓర్చుకోనక్కర్లేదు. దగ్గమంటే "కాశొ" అంటారని, నొప్పేస్తే "కొష్టొ హేఉచి" అనాలని ముందురోజు రాత్రి నేర్పాను. "ఈ వయసులో నాకు పాఠాలా అమ్మీ!" అని నవ్వింది. ఆపరేషన్ గదిలో మాత్రం తెలుగులోనే అరిచిందట, అందరికీ అర్థమైందట.

మూత్రం గొట్టం తీశాక, ఇంటికి పంపేలోపు ఆవిడంతట ఆవిడ మూత్రం పోయగలుగుతోందో లేదో చూడమనండి. ఇంట్లో ముఖ్యంగా మలబద్ధకం రానివ్వకూడదు. డాక్టరు చెప్పిన పొడి, నీళ్లు, కూర్చోడానికి కమోడ్ కుర్చీ. మంచం మీదే పడుకోబెట్టకండి, మెల్లగా నడిపించండి. ఆరు వారాలు బిందె ఎత్తొద్దు అంటే మా అమ్మ మూడో వారానికే మనవడిని ఎత్తుకుంది. బిందెకైతే తాళం వేయగలను గానీ.

జ్వరం, దుర్వాసన, గుడ్డ తడిసేంత రక్తం, మూత్రం ఆగిపోవడం, ఒక కాలు వాయడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు వెళ్లండి. దగ్గితే మూత్రం చుక్కలు పడటం కొందరిలో ఆపరేషన్ తర్వాతే బయటపడుతుంది. మా అమ్మకీ పడింది. మళ్లీ పన్నెండేళ్లు దాస్తుందేమోనని, చెకప్‌కి వెళ్లినప్పుడు ముందుగా నేనే చెప్పేశాను.