పిరనీస్ దాటబోతున్నారా? వెనక్కి తిరగడం ముందే నేర్చుకోండి

ఈస్టర్ సెలవులు వస్తున్నాయంటే నాకు గుబులు. యూరప్‌లో చదువుకునే మన పిల్లలు చాలామంది కమీనో (స్పెయిన్‌లోని సాంతియాగోకి వెళ్లే కాలినడక తీర్థయాత్ర) తొలిరోజు నడకకి ప్లాన్ వేసుకునేది ఇప్పుడే. ఫ్రాన్స్, స్పెయిన్‌ల మధ్య ఉన్న పిరనీస్ పర్వతాల మీద మంచులో చిక్కుకున్న యాత్రికుల్ని కిందికి దించారన్న వార్తలు వచ్చేదీ ఇప్పుడే. బూట్లు, రెయిన్‌కోటు గురించి చెప్పను, అవి మీకు తెలుసు.

ఫ్రాన్స్ వైపు బాస్కు ప్రాంతపు ఊరు సాఁ జాఁ ప్యే ద పోర్ నుంచి స్పెయిన్‌లోని రోన్సెస్వయెస్‌కి సుమారు 25 కిలోమీటర్లు. ఊరు 170 మీటర్ల ఎత్తులో ఉంటే, దారిలో దాటాల్సిన లెపోడర్ కనుమ దాదాపు 1,430. కింద ఎండ కాస్తున్నా పైన గాలివాన ఉండొచ్చు.

మనుషుల్ని ముంచేది ఒకే మాట: "ఇంత దూరం వచ్చాం కదా!" ఒరిసోన్ అనే యాత్రికుల బస దాకా ఎనిమిది కిలోమీటర్ల నిలువు ఎక్కుడు. ఒళ్లు హూనమవుతుంది, ఇక వెనక్కి తిరగడానికి మనసొప్పదు. అక్కడి నుంచి రోన్సెస్వయెస్ దాకా ఊరన్నదే లేదు. దారి పక్కనున్న తిబో శిలువ దగ్గర మన బాట తారురోడ్డు వదిలి గడ్డిలోకి మళ్లుతుంది. పొగమంచులో గొర్రెలు తొక్కిన జాడలు కూడా బాటలాగే కనిపిస్తాయి. పక్కనే మెడగంట మోగుతుంది, గొర్రె మాత్రం కనపడదు. శిలువ దగ్గర నిలబడి చూస్తే ముందు దారి గుర్తు కనిపించలేదా, వెనక్కి తిరగండి. తారురోడ్డే మిమ్మల్ని ఒరిసోన్‌కి దించుతుంది.

నవంబర్ 1 నుంచి మార్చి 31 వరకు ఈ పైదారి మూసేస్తారు. ఆ రోజుల్లో ఎక్కితే జరిమానా పడొచ్చు. ఏప్రిల్ 1న తెరిచారంటే మంచు కరిగిపోయిందని కాదు.

పొద్దున్నే సాఁ జాఁలోని యాత్రికుల ఆఫీసులో వాతావరణం అడగండి. వద్దంటే వాదించకండి. వాల్కార్లోస్ లోయ దారిన వెళ్లండి, అదీ పాత యాత్రామార్గమే. అందులో కొంత దూరం కార్లు తిరిగే రోడ్డు మీదే నడవాలి కాబట్టి ఎదురొచ్చే బండి కనపడేలా ఎడమ పక్కన నడవండి.

తెల్లారగానే బయల్దేరండి. లెపోడర్ నుంచి బీచ్ చెట్ల అడవిలోంచి నిటారుగా దిగేది దగ్గరి దారే, కానీ తడి ఆకుల మీద కాలు జారుతుంది, మోకాళ్లు పోతాయి. కుడివైపు ఇబాన్యెతా కనుమ మీదుగా దిగండి. ఒంటరిగా వద్దు. ఫోన్ ఫుల్ ఛార్జింగ్. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్‌ని నమ్మొద్దు. ఆపదొస్తే రెండు దేశాల్లోనూ 112. గ్రూపులో ఒక్కరికి వణుకు మొదలైనా అందరూ దిగాలి. హాస్టల్ బుకింగ్ డబ్బు పోతే పోనివ్వండి. "ఇంకొంచెమే కదా" అని ఎవరైనా అంటే వినొద్దు, తిరగండి.