వ్యాసం మొదలుపెట్టే ముందు

ఒడిశాలోని రాయగడలో కూర్చుని పండితులూ మేనేజర్లూ ఇద్దరూ చదివేలా మేనేజ్‌మెంట్ పరిశోధన వ్యాసం రాయాలనుకుంటే, ముందు ఇవి చూసుకోండి.

– మీకు తేలిన విషయం ఒక షిఫ్టు ఇన్‌చార్జికి రెండు నిమిషాల్లో తెలుగులో చెప్పండి. "అయితే రేపు నేనేం మార్చాలండీ?" అని అడుగుతాడు. జవాబు లేకపోతే ఇంకా రాయకండి.

– పత్రిక ముందే ఎంచుకోండి. 1922లో మొదలైన హార్వర్డ్ బిజినెస్ రివ్యూ ముఖ్యంగా మేనేజర్ల కోసం. అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్ జర్నల్‌కి సిద్ధాంతం, పద్ధతి, ఆధారాలు అన్నీ కావాలి. ఒకే వ్యాసాన్ని రెండు చోట్లకీ ఒకేసారి పంపకూడదు.

– మీరు పరిశీలించిన సంస్థ పేరు, మనుషుల పేర్లు దాచడం. మన వైపు అసలు చిక్కు ఇదే. "రాయగడ జిల్లాలో ఒక కాగితం మిల్లు" అని రాస్తే దాచినట్టా? టీ కొట్టులో అడిగినా పేరు చెప్పేస్తారు. జిల్లా తీసేయండి, ఉద్యోగుల సంఖ్య సుమారుగా ఇవ్వండి. మనుషుల విషయంలో ఇంకా జాగ్రత్త. ఒకసారి నేను "అక్కడున్న ఒకే ఒక్క మహిళా సూపర్‌వైజర్" అని రాసేశాను. పంపే ముందురోజు రాత్రి చూసుకుని నాలుక కరుచుకున్నాను.

– ప్రశ్నావళి ఒడియాలోకీ తెలుగులోకీ మార్చాక, వేరే మనిషి చేత మళ్లీ ఇంగ్లీషులోకి మార్పించి అసలుతో పోల్చండి. ఇక్కడి కోందుల భాష కుయి మాట్లాడేవాళ్లకు వాళ్ల భాషలోనే అడగాలి. సూపర్‌వైజర్ పక్కనుంటే అందరూ "బాగుంది" అనే అంటారు. ఆయన్ని టీకి పంపేయండి.

– పాత వ్యాసంలోని మీ సొంత వాక్యాలు వాడినా ఆ సంగతి చెప్పాలి.